ఫ్యాను ముందటి సాంచాలు

సిస్టర్ ప్రిస్కిల్లా చేతిలో పెట్టిపోయిన ప్లాస్టిక్ డబ్బీ కుంకుమ భరిణెకంటే కాస్త పెద్దది, అంతే. ఎర్ర మూత, పక్కన అంటించిన తెల్ల కాగితం, దాని మీద నీలం పెన్నుతో పేరు: బాలమల్లు. నవనీత ఆ డబ్బీని గుప్పిట్లో పట్టుకుని మంచం పక్కన నిలబడింది. మంచం మీద ఆమె పెనిమిటి నోరు తెరుచుకుని, ఒక్కో ఊపిరినీ బరువు మోసినట్టు తీస్తున్నాడు. సిరిసిల్ల నుంచి కరీంనగర్‌లోని ఈ ట్రస్టు దవాఖానకు తెచ్చింది నిన్న పొద్దున. సూదిమందు ఎక్కుతూనే ఉంది, జ్వరం మాత్రం మొండికేసి కూర్చుంది.

"నిండుగ అక్కర్లేదమ్మా, జరంత చాలు" అని చెప్పి సిస్టరు పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

జరంత చాలట. ఆ జరంతలోనే అంతా తెలిసిపోతుందట. చిన్న డాక్టరమ్మ మమతారాణి పొద్దున వచ్చి చెప్పిన మాట అది. ఆమె ఊరు బోథ్ దిక్కు. మనిషి సన్నగా ఉంటుంది, ప్రశ్నలు మాత్రం పోలీసోళ్ల లెక్క అడుగుతుంది.

"ఏం పని జేస్తడమ్మా?"

"సాంచాల మీద మేడమ్. లంగ గుడ్డ నేస్తడు. నేను గదే షెడ్డుల కండెలు చుడుత."

మరమగ్గాలను ఆ ఊళ్లో సాంచాలనే అంటారు. డాక్టరమ్మకు ఆ సంగతి తెలిసినట్టే ఉంది, మళ్లీ అడగలేదు.

"రేకుల షెడ్డేనా? ఎండకాలం ఎట్ల? కూలర్లు గిట్ల ఉన్నయా?"

"తుంపర ఫ్యాను ఉన్నది మేడమ్. గాలికి పోగులు ఎండి తెగుతయని మా ఆసామి పెట్టిచ్చిండు. నీళ్లు పొగ లెక్క కొడ్తది. మా ఆయన సాంచాలు దాని ముంగటనే."

"నీళ్లు ఏడికెళ్లి వస్తయి?"

"రేకుల మీద నల్ల ట్యాంకు ఉన్నది."

"కడుగుతరా దాన్ని?"

నవనీత ఆమె మొహంలోకి వింతగా చూసింది. "కడుగుడెందుకు మేడమ్? తాగే నీళ్లు గావు గదా."

డాక్టరమ్మ చేతిలోని పెన్ను అక్కడ ఆగింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది: ఎండకు కాగి నిలవున్న నీళ్లలో ఒక పురుగు పెరుగుతుంది, కంటికి కనబడదు, తుంపరతో కలిసి ముక్కులోంచి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అది పట్టుకున్న నిమోనియా ఇప్పుడెక్కుతున్న మందుకు లొంగదు. వేరే మందుంది. ఉచ్చ తెచ్చిస్తే పావుగంటలో తెలిసిపోతుంది. అదేనని తేలితే మందు మారుస్తానని కూడా చెప్పింది.

అంతా మంచిగానే చెప్పింది. కానీ నిద్ర లేని తలకాయ జల్లెడ లాంటిది. నవనీత తలలో మిగిలింది ఒక్కటే ముక్క. ఉచ్చలో తెలిసిపోతుంది.

వరండాలో కనకవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కింటి మనిషి, వరసకు వదినె. అదే షెడ్డులో నవనీత పక్కనే కూర్చుని కండెలు చుడుతుంది. నిన్న ఆటోలో బాలమల్లు తలను ఒళ్లో పెట్టుకుని వచ్చింది ఆమే. చేతిలో డబ్బీ చూడగానే ఆమె మొహం మారిపోయింది.

"ఉచ్చ అడిగిండ్రా?"

"అడిగిండ్రు వదినె."

"ఇయ్యకు." కనకవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మీ అన్నను తీస్కపోయిన దవాఖానల గూడ గట్లనే అడిగిండ్రు. నేను పిచ్చిదాన్ని, ఉరికి ఇచ్చిన. కల్లుల కలిపే మందు దొరికిందని రాసుకున్నరు. ఇగ అంతే. జ్వరం ముచ్చట ఎవ్వరు ఎత్తలే. ఆయన ఏదో ఒర్రుతుండె, కల్లు బందైతే గిట్లనే ఒర్రుతరని చేతులు మంచానికి కట్టేసిండ్రు. గా కట్లతోనే పోయిండు నవనీతా. ఇప్పుమని కాళ్లు మొక్కిన. ఇప్పలే."

ఈ మాటలు నవనీత ఏడాదిగా వింటూనే ఉంది. కండెల మిషను దగ్గర విన్నది, నల్లా దగ్గర విన్నది, కనకవ్వ పెనిమిటి హనుమండ్లు మాసికానికి వంట చేస్తూ విన్నది. అప్పుడు అయ్యో అనుకుంది. ఇప్పుడు చేతిలోని డబ్బీని కొంగు చాటుకు తీసుకుంది. బాలమల్లు సాంచాలు బందయ్యాక దుకాణం మీద కూర్చుని ఒక సీసా కల్లు తాగే మనిషి. షెడ్డులో తాగనిదెవరు? చెవులు గింగురుమనే ఆ మోతలోంచి బయటపడ్డ మనిషికి అదొక్కటే చల్లటి మాట.

"ఇయ్యకపోతే ఊకుంటరా వదినె?"

"ఊకోరు." కనకవ్వ డబ్బీ మీది కాగితం దిక్కు చూసింది. "ఇయ్యి. ఎవ్వరిదైతేంది? డబ్బీకి తెలుస్తదా?"

బాత్రూంలో గొళ్లెం సరిగా పడదు. నవనీత ఒక చేత్తో తలుపు ఆపుకుని, ఇంకో చేత్తో డబ్బీ పట్టుకుని కూర్చుంది. తప్పు చేస్తున్నానని ఆమెకు తెలుసు. తెలిసినా, మొగుని చేతులు కట్టేస్తారన్న భయం ముందు తక్కిన భయాలన్నీ ఎటో పోయాయి. మూత బిగించి, పైన నీళ్లతో కడిగి, కొంగుతో తుడిచి తెచ్చి సిస్టరు బల్ల మీద పెట్టింది. సిస్టరు చేతి తొడుగుతో దాన్ని అందుకుని "శభాష్, జల్ది తెచ్చినవ్" అంది. ఆ మెచ్చుకోలుకు నవనీత మొహం ఎటు పెట్టుకోవాలో తెలియక కిటికీ దిక్కు చూసింది.

డాక్టరమ్మ చీటీని బల్ల మీద పెట్టి చుక్కలు వేసింది. నెల తప్పితే ఆడవాళ్లు చూసుకునే చీటీలాంటిదే అది. నవనీత దూరం నుంచే చూసింది. ఒక గీత పడింది. పక్కన తెల్లగా ఖాళీ. డాక్టరమ్మ చాలాసేపు ఆ ఖాళీ దిక్కే చూసి, చీటీని వెలుతురుకు పట్టి మళ్లీ చూసింది.

"ఒక్కటే గీత."

"మంచిదే గదా మేడమ్?"

"మంచిదే అనుకో. గిదైతది అనుకున్న నేను. ఇది గాకపోతే ఇంకేందో మరి తెలుసుకోవాలె." ఆమె గొంతులో నిరాశ దాగలేదు. నవనీతకు మాత్రం గుండె మీది బండ దిగింది. కల్లు బయటపడలేదు. చేతులు కట్టరు. ఆ పొద్దు ఆమె మొదటిసారి నాలుగు బుక్కలు తిన్నది.

మధ్యాహ్నం షెడ్డు ఆసామి ఓంప్రకాశ్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో యాపిల్ పండ్ల కవరు. మనిషి చెడ్డవాడని ఎవరూ అనరు. పండక్కి అందరికీ బట్టలు పెడతాడు, ఎవరింట్లో చావైనా ముందు నిలబడతాడు. కాకపోతే తన షెడ్డును ఎవరైనా ఒక మాటంటే మాత్రం ఒళ్లు మండుతుంది. అతను వచ్చిన సమయానికే పెద్ద డాక్టరు రౌండ్సుకు వచ్చాడు, వెనకే మమతారాణి.

"వీళ్లు పని చేసే షెడ్డు మీదేనా?" మమతారాణి అడిగింది. "ఆ ఫ్యాను నీళ్లు ఒకసారి పరీక్ష చేయించాలె."

ఓంప్రకాశ్ నవ్వాడు. "నీళ్లల్ల ఏముంటది మేడమ్? నల్లా నీళ్లే. మా ఏరియాల గసుంటి ఫ్యాను ఎవ్వరు పెట్టలే, నేనొక్కన్నే పెట్టిన. దాని ముంగట జాగ కోసం కొట్లాడుకుంటరు పనోళ్లు. హనుమండ్లని ఒకాయన పోయినంక గా సాంచాలు నాకే ఇయ్యుమని అందరు ఎంట పడ్డరు. బాలమల్లు మంచోడని ఈయనకిచ్చిన." తర్వాత పెద్ద డాక్టరు దిక్కు తిరిగి గొంతు తగ్గించాడు. "అసలు ముచ్చట కల్లుది సార్. ఎన్నిసార్లు చెప్పినా ఇనరు. గా హనుమండ్లు గూడ గట్లనే పోయిండు."

పెద్ద డాక్టరు నవనీత దిక్కు చూశాడు. "తాగుతడా?"

నవనీత మంచం దిక్కు చూసింది. అవునంటే ఒక బాధ, కాదంటే అబద్ధం. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడాన్నే ఆయన జవాబుగా రాసుకున్నాడు.

"ఉచ్చల ఏం రాలే గదా?" అని మమతారాణిని అడిగాడు.

"రాలేదు సార్. కానీ..."

"అట్లయితే మందు గదే నడవనీ. చూద్దాం." ఆయన పక్క మంచానికి వెళ్లిపోయాడు. ఓంప్రకాశ్ పండ్ల కవరు మంచం కింద పెట్టి, "ఫికర్ చెయ్యకు చెల్లె, నేనున్న" అని బయలుదేరాడు. పనిలో పనిగా కనకవ్వను రేపటి నుంచి షెడ్డుకు రమ్మన్నాడు, కండెలు అందక సాంచాలు ఆగుతున్నాయట. కనకవ్వ పొద్దుగూకే బస్సుకు ఊరికి వెళ్లిపోయింది.

ఆమె పోయిన కాసేపటికే బాలమల్లు కళ్లు తెరిచాడు. తెరిచాడన్న మాటేగానీ ఆ కళ్లు నవనీతను చూడలేదు. పైకప్పు దిక్కు చూస్తూ గొణిగాడు.

"తెగింది."

"ఏంది? ఏం తెగింది?"

"పోగు తెగింది. సాంచ బందు జెయ్యి. బందు జెయ్యుమంటే ఇనవా!" చెయ్యి పైకి లేపి చేతికున్న మందు పైపును దొరకబుచ్చుకున్నాడు. రెండు వేళ్ల మధ్య దాన్ని మెలిపెట్టి, బొటనవేలితో నొక్కి, ముడి వెయ్యబోయాడు. నవనీత ఆ చేతి పని ఎన్ని వేలసార్లు చూసిందో. తెగిన పోగును రెప్పపాటులో అతికే వేళ్లు అవి. సూది ఊడి వచ్చి దుప్పటి మీద నెత్తురు పడింది. నవనీత కేక వేసింది. ప్రిస్కిల్లా వచ్చింది, ఇద్దరు వార్డు మనుషులు వచ్చారు, ముక్కుకున్న గాలి గొట్టం కూడా పీకేసి మంచం దిగబోతున్న మనిషిని పట్టుకున్నారు. కొత్త సూది గుచ్చారు, మూత్రానికి గొట్టం వేసి సంచి తగిలించారు. ఎవరో పెద్ద డాక్టరుకు ఫోన్ చేశారు. ఆయన ఏమన్నాడో నవనీతకు వినిపించలేదు గానీ, ఫోన్ పెట్టేసిన వార్డు మనిషి గాజుగుడ్డ చుట్ట తెచ్చాడు.

"ఎందుకన్నా అది? ఒద్దన్నా, నీ కాళ్లు మొక్కుత."

"కల్లు బందైంది గదమ్మా, గిట్లనే జేస్తరు. మళ్ల పీకేస్తే పానానికే మోసం."

కుడి చెయ్యి మంచం పట్టీకి కట్టాడు. ఎడమ చెయ్యి కట్టాడు. గుడ్డను రెండు వరసలు చుట్టి, గట్టిగా గుంజి, ముడి మీద ముడి వేశాడు. నవనీత చూస్తూనే ఉంది. ఏడుపు రాలేదు. ఎందుకు రావడం లేదో ఆమెకే తెలియలేదు. చల్లటి నీళ్లలో చాలాసేపు పెట్టిన చేతికి గిచ్చినా తెలియదే, ఒళ్లంతా అట్లా అయిపోయింది. దేనికి భయపడి ఆ డబ్బీ మార్చిందో అదే కళ్ల ముందు జరిగింది, డబ్బీ మార్చినా జరిగింది.

తెల్లవారేసరికి ఆమె స్టూలు మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. కిటికీలోంచి వెలుతురు వచ్చి మంచం మీద పడింది. బాలమల్లు మణికట్లు కదలడం లేదు గానీ వేళ్లు మాత్రం ఆగలేదు. బొటనవేలు చూపుడువేలి మీద పాకుతుంది, మెలిపెడుతుంది, నొక్కుతుంది, వదిలేస్తుంది. కనబడని పోగు ఒకటి తెగుతూనే ఉంది, ఆయన అతుకుతూనే ఉన్నాడు. నవనీత తన వేలు తెచ్చి ఆ రెండు వేళ్ల మధ్య పెట్టింది. వేళ్లు దాన్ని పట్టుకుని ముడి వెయ్యడానికి చూశాయి. చెయ్యి నిప్పు లెక్క కాలుతోంది.

కల్లు బందైతే ఇట్లా అవుతుందన్నారు. మరి నిరుడు శివమాల వేసుకున్నప్పుడో? మాల తీసేదాకా కల్లు దుకాణం దిక్కు కూడా పోలేదు బాలమల్లు. పోగు తెగిందని ఒర్రలేదు, గోడలు పట్టుకుని మాట్లాడలేదు, మంచిగా తిన్నాడు, మంచిగా నేశాడు. ఇప్పుడు కల్లు మాని నాలుగు పూటలు కాలేదు, అప్పుడే ఇట్లా ఎందుకవుతాడు? ఇది కల్లు కాదు. కల్లు కాకపోతే మరేమిటి? డాక్టరమ్మ చెప్పిన ఆ నీళ్ల పురుగేమో. కాదని చీటీ చెప్పింది. అయితే ఆ చీటీకి చెప్పింది ఎవరు?

ఆ ఆలోచన అక్కడికి వచ్చేసరికి నవనీత లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. చెబితే ఏమంటారు? తిడతారా, బయటికి తోస్తారా, పోలీసులను పిలుస్తారా? అవన్నీ పెద్ద లెక్క కాదు. ఇప్పుడు ఆ చీటీ మీద రెండు గీతలు పడితే? పడితే ఇంతసేపు మందు లేకుండా ఆయనను కాల్చింది తనే. తన చేతులే. ఈ మాట తనకు తాను చెప్పుకోవడమే కష్టంగా ఉంది. చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలియదు. కనకవ్వ ఒక్కదానికి తెలుసు, ఆమె నోరు విప్పదు. బతికితే బతుకుతాడు, పోతే కల్లుకు పోయాడంటారు. హనుమండ్లను అన్నట్టే అంటారు. తను కూడా కనకవ్వ లెక్క కండెలు చుట్టుకుంటూ అదే మాట చెప్పుకుంటూ బతుకుతుంది.

వేళ్లు ఇంకా ముడి వేస్తూనే ఉన్నాయి.

సిస్టర్ ప్రిస్కిల్లా డబుల్ డ్యూటీ దిగడానికి సర్దుకుంటూ ఉంది. నవనీత వచ్చి బల్ల ముందు నిలబడి చెయ్యి చాపింది.

"ఏం కావాలమ్మా?"

"డబ్బీ."

"ఏం డబ్బీ?"

"ఉచ్చ డబ్బీ. ఇంకొక్కటియ్యి సిస్టరమ్మా."

"నిన్న ఇచ్చినవ్ గదమ్మా, అయిపోయింది పరీక్ష."

"గది నాది."

ప్రిస్కిల్లాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచింది. "అవ్వా! నీ ఉచ్చ ఇచ్చినవా? మనిషివేనా నువ్వు? అక్కడ ఆయన పానం మీదికి వస్తుంటే... ఎందుకు జేసినవ్ గట్ల?"

"కట్టేస్తరని" అంది నవనీత. "కల్లు తెలిస్తే చేతులు కట్టేస్తరని."

ప్రిస్కిల్లా నోట్లోని తిట్టు నోట్లోనే ఆగిపోయింది. ఆమె చూపు నవనీత భుజం మీదుగా మంచం దిక్కు పోయింది. తెల్ల గుడ్డ, రెండు ముడులు, కదులుతున్న వేళ్లు. ఫోన్ తీసి డాక్టరమ్మకు చేసింది.

మమతారాణి తల కూడా దువ్వుకోకుండా వచ్చింది. ఈసారి డబ్బీతో పని పడలేదు, గొట్టంలోంచి సిరంజితో తీసింది. నవనీతను తిట్టలేదు, ఆమె మొహం దిక్కు కూడా చూడలేదు. చుక్కలు వేసి బల్ల మీద మోచేతులు ఆనించి కూర్చుంది. నవనీత ఎదురుగా నిలబడింది. ముందు ఒక గీత పడింది. పక్కన తెల్లగానే ఉంది. తర్వాత ఆ తెలుపులో ఏదో మరక లాంటిది వచ్చింది. అది సన్నగా, ఎర్రగా, నేతలో కలిసిన రంగు పోగులాగా నిలబడింది. రెండో గీత.

"గిదే" అంది డాక్టరమ్మ. "నీళ్ల పురుగే. ఒక దినం పోయిందమ్మా మనకు." అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆ ఒక్కటే నవనీతకు నూరు తిట్ల పెట్టు. డాక్టరమ్మ అప్పటికే కొత్త మందు పేరు చెప్తూ లేచింది, ప్రిస్కిల్లా డ్యూటీ దిగే మాట మరిచి మందుల గదికి ఉరికింది.

కొత్త సీసా మందు ఎక్కడం మొదలైన తర్వాత కనకవ్వ వచ్చింది, చేతిలో అన్నం గిన్నె, పచ్చిపులుసు. వార్డు గుమ్మంలో అడుగు పెట్టి అక్కడే ఆగిపోయింది. ఆమె చూసింది బాలమల్లు మొహాన్ని కాదు. కట్లను చూసింది. గిన్నెను నెమ్మదిగా కింద పెట్టింది.

"చెప్పిన గద నీకు" అంది నవనీతతో. "ఇయ్యకుమని చెప్పిన గద."

"నాదే ఇచ్చిన వదినె. అయినా కట్టిండ్రు." నవనీత చెప్పింది. "ఇప్పుడు ఆయనది ఇచ్చిన. కల్లు గాదట. ఆ ఫ్యాను నీళ్లట."

కనకవ్వకు ఎక్కలేదు. డాక్టరమ్మ వచ్చి బాలమల్లు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, మెడకు వేసుకుని, జేబులోంచి చీటీ తీసి చూపిస్తూ మళ్లీ చెప్పింది. "కల్లు గుర్తుపట్టే చీటీ కాదమ్మా ఇది. ఊరికే పరేషాన్ అయ్యిండ్రు. ఆ తుంపర్లల్ల ఉన్న పురుగు ఇది. జ్వరం తలకెక్కి గిట్ల మాట్లాడుతుండు. ఎక్కువగ ఎవరు పీలిస్తే వాళ్లకు వస్తది. దానికి ఎదురుంగ నిలబడేటోళ్లకు."

కనకవ్వ పెదవులు కదిలాయి. "గా ఫ్యాను ముంగటి సాంచాలు... ఈయనకంటె ముందుగాల మా ఆయనయే మేడమ్."

డాక్టరమ్మ ఆమె దిక్కు తిరిగింది.

"ఆయనకు గూడ జ్వరమే ముందుగాల. చెయ్యి పెడితే కాలుతుండె. దగ్గు. పోగు తెగింది, పోగు తెగింది అని ఒర్రిండు." ఆమె డాక్టరమ్మ చేతిలోని చీటీ దిక్కు చూసింది. "గీ చీటీతోని... పోయినోళ్లకు గూడ తెలుస్తదా?"

"తెల్వదమ్మా."

"ఏ తీరుగ గూడ తెల్వదా?"

"ఇప్పుడిగ తెల్వదు." డాక్టరమ్మ తల దించుకుంది.

కనకవ్వ తల ఊపింది, బజారులో ఏదో సామాను లేదంటే ఊపినట్టు. "ఏడాది సంది నేనే చెప్పుకుంట తిరిగిన. కల్లే తిన్నదని. కండెలకాడ చెప్పిన, చుట్టాలకు చెప్పిన, బిడ్డ అత్తగారోళ్లకు చెప్పిన. సచ్చినోన్ని రోజు తిట్టిన."

"కట్లు ఇప్పుండ్రి" అంది డాక్టరమ్మ ప్రిస్కిల్లాతో. "పక్కన మనుషులుంటరు, చెయ్యి పట్టుకుంటరు. సార్‌కు నేను చెప్త."

ప్రిస్కిల్లా కత్తెర తెచ్చింది. కనకవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "ఒద్దు బిడ్డా. నేనిప్పుత."

మంచం పక్కన కింద కూర్చుంది. ముడి మీద ముడి, వార్డు మనిషి బలం కొద్దీ గుంజిన ముడులు. ఏళ్లుగా కండెలు చుట్టి చుట్టి గోళ్లు అరిగిన వేళ్లతో ఆమె వాటిని పట్టుకుని, వదులు చేసి, గుడ్డ కొస లాగి విప్పింది. ఒక చెయ్యి అయ్యాక లేచి మంచం చుట్టూ తిరిగి రెండో దిక్కు కూర్చుంది. తొందర లేదు ఆమెకు. రెండో కట్టు విప్పాక బాలమల్లు మణికట్టు మీది ఎర్రటి వాతను బొటనవేలితో రాస్తూ ఉండిపోయింది. అప్పుడు నవనీతకు ఏడుపు వచ్చింది. ఆగకుండా వచ్చింది, నోట్లో కొంగు కుక్కుకున్నా ఆగలేదు. కనకవ్వ కంట్లో మాత్రం చుక్క లేదు.

డాక్టరమ్మ వరండాలో నిలబడి ఓంప్రకాశ్‌కు ఫోన్ చేసింది. అతని గొంతు పెద్దది, ఫోన్ దాటి బయటికి వినిపిస్తుంది.

"ఫ్యాను బందు పెట్టుండ్రి. ట్యాంకు మాత్రం ముట్టుకోకుండ్రి. మావోళ్లొచ్చి నీళ్లు పట్టుకపోతరు."

"గంత దూరం ఎందుకు మేడమ్? రేపు పొద్దుగాల్నే కడిగిపిస్త. పౌడర్ ఏసి తళతళ మెరిసేటట్టు కడిగిపిస్త."

"కడుగొద్దంటున్న! కడిగితే ఏం తెల్వదు. రేపు ఇంకొకరికి వస్తే ఏడికెళ్లి వచ్చిందో ఎట్ల చెప్పాలె?"

"నా షెడ్డు పేరు ఖరాబైతది మేడమ్. నలభై మంది బతుకుతుండ్రు దాని మీద." ఫోన్ కట్టయిపోయింది. డాక్టరమ్మ మళ్లీ చేసింది, ఎత్తలేదు. నీళ్లు పరీక్ష చేసేవాళ్లకు ఇంకో ఫోన్ చేసింది, వాళ్లు ఎల్లుండి వస్తామన్నారు. "ఎల్లుండి!" అని ఆమె విసుగ్గా గోడకు తల ఆనించుకుంది.

కనకవ్వ గడపలో నిలబడి అంతా విన్నది. తెచ్చిన అన్నం నవనీత ముందు పెట్టి, "తిను. పొద్దుగాల వస్త" అని చెప్పి బస్సుకు వెళ్లిపోయింది. తనొక్క మెతుకు ముట్టలేదు.

మర్నాడు ఎండ ఎక్కే వేళకు బాలమల్లు ఒంటికి చెమట పట్టింది. నవనీత మెడ తుడుస్తుంటే కళ్లు తెరిచాడు. ఈసారి ఆ కళ్లు వెతికాయి, వెతికి ఆమె దగ్గర ఆగాయి.

"నవనీతా."

"ఆఁ."

"సాంచ బందు జేసినవా?"

"చేసిన" అంది ఆమె. అతను సరేనన్నట్టు కళ్లు మూసుకున్నాడు. వేళ్లు దుప్పటి మీద ఊరికే పడి ఉన్నాయి. డబ్బీ సంగతి ఆయనకు ఎప్పుడు చెప్పాలో, ఎట్లా చెప్పాలో నవనీతకు తెలియదు. చెప్పాలని మాత్రం తెలుసు. వేడినీళ్ల కోసం ఫ్లాస్కు తీసుకుని కిందికి దిగింది.

గేటు దగ్గర లొల్లి అవుతోంది. వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టి ఎవరినో ఆపాడు. ముందు నవనీత గుర్తుపట్టలేదు. జుట్టు రేగిపోయి, చీర అంచుకు తుప్పు మరకలు, మోచెయ్యి గీరుకుపోయి ఉంది. కనకవ్వ. ఎడమ కాలు నేల మీద పూర్తిగా ఆనడం లేదు. పొద్దున్నే నిచ్చెన వేసుకుని షెడ్డు రేకులెక్కి జారిన కాలు అది. రెండు చేతులతో ఛాతీకి ఒక సీసాను పొదువుకుని ఉంది. కల్లు సీసా. మూతికి గుడ్డపేలిక కుక్కి, పైన కండె దారం చుట్టి ఉంది.

"సిగ్గు లేదా అమ్మా, దవాఖానల కల్లు సీసా తీసుకొస్తవా?" వాచ్‌మన్ అరుస్తున్నాడు. "ఎవరికిది? పేషెంటుకు పోస్తవా? పో, అవుతల పారేసి రా."

"కల్లు గాదు కొడుకా. నీళ్లు."

"నీళ్లు కల్లు సీసల తెస్తరా ఎవరన్న?"

"ఇంట్ల గిదే ఉండె. మా ఆయనది." కనకవ్వ సీసాను ఇంకా దగ్గరికి హత్తుకుంది. ఫ్లాస్కుతో వచ్చి పక్కన నిలబడ్డ నవనీతను చూసింది గానీ పలకరించలేదు. "వాళ్లు ట్యాంకు కడగకముందే ముంచుకొచ్చిన. డాక్టరమ్మకియ్యాలె. ఒదులు నన్ను."

అటూ ఇటూ పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. వాచ్‌మన్ నమ్మలేదు. సీసా మూతి దగ్గరికి వంగి పేలిక తీసి వాసన చూశాడు. మళ్లీ చూశాడు. కర్ర కాస్త కిందికి దిగింది.

"వాసనేం లేదు" అన్నాడు.

"లేదు కొడుకా" అంది కనకవ్వ. "ఉంటే మా ఆయన ఉన్నప్పుడే తెలుస్తుండె."

నవనీత ఫ్లాస్కు చంకలో పెట్టుకుని ఆమె మోచెయ్యి కింద చెయ్యి వేసింది. వాచ్‌మన్ పక్కకు జరిగాడు. ఇద్దరూ మెట్లు ఎక్కారు, ఆ కాలు నొప్పికి ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ, సీసాలోని నీళ్లు ఒలకకుండా చూసుకుంటూ.